తూర్పు లండనులో సిల్హెట్టువారు — ఆఱవ భాగము: ఇంటిపోరు, వీథిపోరు

క్రిందటి భాగమున, సుర్మా నదీతీర గ్రామములలో పడవలు నడుపుకొని బ్రతికినవారు కలకత్తాలోని ఖిదిర్‌పూరు రేవు చేరి, సరంగులనబడు ఓడ మేస్త్రీల చేతిక్రింద ఆవిరియోడల కొలిమిగదులలో బొగ్గువేయు పనికి కుదిరి, లండను రేవున ఓడ దిగి మరల ఎక్కక, శాండీస్ రోలోని పదుమూడవ నంబరింట అయూబ్ అలీ మాస్టరు పెట్టిన అన్నము తిని ఆ మహానగరమున నిలదొక్కుకొన్న వృత్తాంతమును చెప్పుకొంటిమి. ఆ మాస్టరే 1943లో భారతీయ నావికుల సంక్షేమసంఘమును నెలకొల్పుటయు, 1947 జూలైలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణమున సిల్హెట్టు అస్సామునుండి విడివడి తూర్పు పాకిస్థానులో చేరుటయు, తరతరములుగా తమకు ద్వారమైన కలకత్తా రేవు ఒక్కమారుగా పరదేశమైపోవుటయు ఆ భాగమునకు తుది ఘట్టములు. ఓడల కథ అంతటితో ముగిసినది. విమానములలో వచ్చినవారి కథ, వారి భార్యాబిడ్డల కథ, తల దాచుకొనుటకై వారు పడిన పాట్ల కథ ఇప్పుడు ప్రారంభమగుచున్నది.

1978వ సంవత్సరము పేరు చెప్పగనే ఆ పేటలోని పెద్దలు ఒక హత్యను, ఒక ఊరేగింపును తలచుకొందురు. చరిత్ర చెప్పువారును సాధారణముగా అక్కడినుండియే ఆరంభింతురు. నా అభిప్రాయము వేఱు. ఆ యూరేగింపున వేలకొలది జనము నడచుటకు వలసిన ధైర్యము పది దినములలో పుట్టినది కాదు. అంతకు రెండేండ్లకు ముందు, ఇంటికొఱకు జరిగిన పోరాటములో అది మొలకెత్తి వేరూనినది. కావున వీథిలోనికి వచ్చుటకు ముందు మనము ఇండ్లలోనికి పోయి చూడవలసియున్నది.

1948నాటి పౌరసత్వ శాసనము వలన బ్రిటిషు కామన్వెల్తు ప్రజలకు ఆ దేశమున ప్రవేశించి పనిచేసికొను హక్కు నిరాటంకముగా ఉండెను. అట్లు వచ్చిన సిల్హెట్టు పురుషులలో అక్కడనే స్థిరపడవలెనని సంకల్పించినవారు అరుదు. నాలుగైదేండ్లు కష్టపడి, నెలనెల ఇంటికి డబ్బు పంపి, రెండెకరముల పొలము కొని, పెంకుటింటికి మాఱుగా మేడ కట్టి, తిరిగి పోవలెననియే ప్రతివాని తలంపు. ఒకడు పోవునప్పుడు వాని తమ్ముడో మేనల్లుడో వాని మంచమునకు, వాని పనికి వారసుడై వచ్చుచుండెను. ఈ రాకపోకలను అరికట్టవలెనని పార్లమెంటు 1962లో ఒక శాసనము చేసినది. ఆ యేడు జూలై 1వ తేదీనుండి పని అనుమతి పత్రము లేనివానికి ప్రవేశము లేదు. ఫలితము శాసనకర్తలు ఊహింపనిది. తలుపు మూయబడునేమో యను భయముతో అంతకుముందే అనేకులు త్వరపడి వచ్చిరి. వచ్చినవారు, ఒకసారి పోయినచో మరల రానిత్తురో లేదో యని, పోవుట మానిరి. పోనివాడు పెద్దకొడుకును పిలిపించెను. ఆ పిమ్మట కొంత కాలమునకు భార్యను, చిన్నపిల్లలను పిలిపింపక తప్పినది కాదు. వలసను ఆపుటకై చేసిన శాసనమే వలసవానిని కాపురస్థునిగా మార్చినది.

వారు చేరిన స్పిటల్‌ఫీల్డ్స్ పేట సామాన్యమైన పేట గాదు. 1685లో ఫ్రాన్సు రాజు తన రాజ్యములోని ప్రొటెస్టంటులకు మతస్వేచ్ఛ నిచ్చిన శాసనమును రద్దు చేయగా, ప్రాణములు అరచేత పట్టుకొని పాఱివచ్చిన హ్యూగనో మతస్థులు ఇక్కడ పట్టుమగ్గములు పెట్టిరి. ఫోర్నియర్ స్ట్రీట్, ప్రిన్స్‌లెట్ స్ట్రీట్, విల్క్స్ స్ట్రీట్ అను సందులలోని పొడవైన ఇటుక యిండ్లకు పై అంతస్తున వెడల్పైన కిటికీలుండుట మగ్గమునకు వెలుతురు కొఱకే. 1881 తరువాత రష్యా సామ్రాజ్యమున యూదులపై దారుణములు జరుగగా వారును ఇక్కడికే వచ్చిరి. మగ్గములుండిన గదులలో కుట్టుయంత్రములు వెలసెను. బ్రిక్ లేన్, ఫోర్నియర్ స్ట్రీట్ కలియు మూలనున్న కట్టడమొక్కటే ఈ చరిత్రనంతయు చెప్పగలదు. 1743లో అది ఫ్రెంచివారి ప్రార్థనామందిరము. 1819నుండి మెథడిస్టుల చర్చి. 1898నుండి యూదుల సినగాగు. 1976లో బంగాళీలు దానిని మసీదుగా చేసికొనిరి. గోడలు మాఱలేదు, మొక్కువారు మాఱిరి. ప్రపంచమున ఇట్టి కట్టడము మఱియొకటి కలదో లేదో గాని, నా కెఱిగినంతలో ఒక నగరముయొక్క వలసల చరిత్ర ఇంత సూటిగా ఒకే గోడల నడుమ నిలిచియుండుట అపురూపము.

ఆ యిండ్లలో ఒక గది ఎట్లుండెనో చూతము. ఒక్క గదిలో నాలుగైదు ఇనుప మంచములు. పగటి పనివాడు లేచిపోగానే రాత్రి పనివాడు వచ్చి అదే పఱుపుపై పడుకొనును గనుక దుప్పటి చల్లారుటకు వేళయే యుండదు. గోడ మూలను గ్యాసు మీటరు. అందులో నాణెము వేసినంతసేపే పొయ్యి మండును, నాణెము చెల్లగానే ఉడుకుచున్న అన్నము నడిమధ్యలో ఆగిపోవును. స్నానమునకు వారమున కొకనాడు పురపాలకుల స్నానశాలకు పోవలెను. వంట వంతులవారీగా జరుగును. వంట రానివాడు పాత్రలు తోమును. తొలినాళ్లలో యూదుల కోళ్ల అంగడిలో బ్రతికిన కోడిని కొని తామే హలాలు చేసికొనువారు. పిమ్మట తమవారి దుకాణములే వెలసి, ఎండుచేపలును, గడ్డకట్టించిన పులసయు — దానిని వారు ఇలిష్ అందురు — కూరలో పులుపునకై సిల్హెట్టు కొండలలో పండు శాత్కొరా కాయలును దొరకసాగినవి. ట్రూమన్ బీరు కార్ఖానానుండి వెలువడు ఉడికిన ధాన్యపు వాసన వీథియంతయు ఆవరించియుండగా, మద్యము ముట్టని ఆ మనుష్యులు దాని నీడనే జీవించిరి. ఆదివారము మధ్యాహ్నము నాజ్ సినిమాహాలులో హిందీ చిత్రము. అది అర్థమైనను కాకున్నను, దేశపు చెట్టును దేశపు వానను తెరపై చూచుటయే వారికి వేడుక. అక్కడ ఊరిలో మాత్రము ఇట్టివారి కుటుంబమును 'లండనీ'ల కుటుంబమని గౌరవముతో చెప్పుకొందురు. లండనీ సంబంధమనగా కట్నములలో, పొలము ధరలలో మాట వేఱు. ఆ మేడను చూచినవారికి ఈ మంచము కనబడదు గదా!

పని యన్నచో దఱచుగా బట్టల పని, తోలుకోట్ల పని. యూదుల కార్ఖానాలలో ఇస్త్రీవానిగా చేరి, మధ్యాహ్నము యజమాని భోజనమునకు పోయినప్పుడు ఖాళీయైన యంత్రముపై తుంట తోలుముక్క కుట్టి చేయి తిప్పుకొని, ఏడాదికి కుట్టువాడగుట సాధారణ క్రమము. కూలి దినమునకు కాదు, ముక్కకు. చలికాలమునకు ముందు పదునాలుగు గంటలు యంత్రము ఆగదు. పండుగ సరకు పోయిన తరువాత నెలల తరబడి పనియే లేదు. క్రమముగా యూదుల పిల్లలు చదువుకొని ఉత్తర లండనులోని మంచి పేటలకు తరలిపోగా, ఆ చిన్న కార్ఖానాలను పుచ్చుకొన్న బంగాళీలు తామే మేస్త్రీలై తమవారికే ముక్కకూలి ఈయసాగిరి. నిన్నటి కూలి నేటి యజమాని యైనంత మాత్రమున కూలి పెరుగలేదు. బంధుత్వము మొగమాటముగా మాఱి, అడుగవలసినది అడుగలేని స్థితి యేర్పడినది. సరంగుల నాటినుండియు ఈ సమాజముయొక్క బలమును బలహీనతయు ఇదియే: పని యిప్పించువాడును పీడించువాడును ఒకే యూరివాడు. రంగూను రేవులలో మేస్త్రీల చేతిక్రింద పనిచేసిన మన కోరంగివారి సంగతి ఎఱిగిన తెలుగు పాఠకులకు దీనిని విడమఱచి చెప్ప నక్కఱలేదు.

1971లో స్వదేశమున యుద్ధము చెలరేగినప్పుడు ఈ ఇనుప మంచములవారే వారపు కూలిలో భాగము తీసి స్వాతంత్ర్యోద్యమమునకు పంపిరి. న్యాయమూర్తి అబూ సయీద్ చౌధురి లండనునుండియే ప్రపంచమునకు తమ పక్షము విన్నవించుచుండగా, ఆగస్టు 1వ తేదీన ట్రఫాల్గర్ స్క్వేరులో జరిగిన మహాసభకు వారు బారులు తీరి పోయిరి. చెఱనుండి విడుదలయైన ఆ యుద్యమ నాయకుడు షేక్ ముజీబుర్ రహమాను 1972 జనవరి 8వ తేదీన తొలుత దిగినదియు లండనులోనే. ఫోర్నియర్ స్ట్రీటులోని పాకిస్థాను సంక్షేమసంఘము బంగ్లాదేశ్ సంక్షేమసంఘమై పేరు మార్చుకొన్నది. ఆ సంఘపు పెద్దలు ఎక్కువగా దుకాణదారులు, హోటలు యజమానులు, ప్రయాణపు టిక్కెట్ల వర్తకులు. అధికారుల గది తలుపు మెల్లగా తట్టి, చేతులు కట్టుకొని విన్నపము చెప్పుకొనుటయే వారెఱిగిన మార్గము. తండ్రుల వెంట బాలురుగా వచ్చి ఇక్కడి బడులలో దెబ్బలు తిని పెరిగిన యువకులకు ఆ మార్గము రుచింపలేదు. ఈ పెద్దల, పిన్నల వైరము మన కథలో ముందు ముందు పెద్దదియగును.

ఇంతలో కుటుంబములు రాసాగినవి. రావలెనన్నచో ఢాకాలోని బ్రిటిషు కార్యాలయమునుండి ప్రవేశపత్రము కావలెను. దానికై సంవత్సరముల తరబడి వేచియుండవలెను. భార్యను వేఱు గదిలో, మామను వేఱు గదిలో కూర్చుండబెట్టి, ఇంటికి ఎన్ని తలుపులు, బావి ఏ దిక్కున ఉన్నది అని అడిగి, ఒకరి జవాబు మఱియొకరి జవాబుతో పొసగకున్నచో అది అబద్ధపు కాపురమని తేల్చువారు. పిల్లల వయస్సు నమ్మక వారి యెముకలకు ఎక్స్‌రేలు తీసిన దినములును కలవు. ఇట్టి గండములు గడచి, చీర కొంగు తలపై కప్పుకొని, చేత నొక బిడ్డయు కొంగు పట్టుకొన్న మఱియొక బిడ్డయుగా హీత్రూలో దిగిన ఇల్లాలికి భర్త చూపగలిగినది ఏమి? నలుగురు మగవారు పండుకొను గదిలో ఒక మంచము!

ఇల్లు కావలెను. పేదలకు అద్దె యిండ్లిచ్చు బాధ్యత ఆ కాలమున గ్రేటర్ లండన్ కౌన్సిలుదియు, టవర్ హామ్లెట్స్ పురపాలక మండలిదియు. ఆ పట్టికలో పేరు వ్రాయించుకొని ఏండ్లు గడచినను పిలుపు రాదు. వచ్చినచో, తమవారొక్కరును లేని దూరపు ఎస్టేటులో మూడవ అంతస్తున ఒక ఫ్లాటు. అక్కడ కాపురము పెట్టిన మఱునాటినుండియే తలుపుపై బూతువ్రాతలు, ఉత్తరముల సందుగుండ మలము, మండుచున్న కాగితములు. పిల్లవాడు బడికి పోలేడు, తల్లి పాలు కొనుటకు క్రిందికి దిగలేదు, భర్త రాత్రి పని విడిచి తలుపునకు కఱ్ఱ ఆనించి కూర్చుండవలెను. పోలీసులకు చెప్పుకొన్నచో, పిల్లల అల్లరియని వ్రాసికొని పోవువారు. నెల తిరుగకముందే ఆ కుటుంబము ఫ్లాటు తాళము విసరివైచి స్పిటల్‌ఫీల్డ్సునకు తిరిగి వచ్చును. ఇచ్చిన యిల్లు కాదనుచున్నారు, వీరికి ఒకరిమీద నొకరు పడి బ్రతుకుటయే యిష్టమని అధికారులు తీర్మానించిరి. ఇంతకంటె అన్యాయమైన తీర్మానమును నేను ఊహింపజాలను.

అదే సమయమున పేటలో కౌన్సిలువారి పాత కట్టడములు కూల్చివేతకై ఖాళీచేయబడి, తలుపులకు రేకులు కొట్టబడి, ఏండ్ల తరబడి ఊరక పడియుండెను. మనుష్యులు ఇండ్లు లేకయు, ఇండ్లు మనుష్యులు లేకయు ఎదురెదురుగా నుండుట ఎంతకాలము సాగును? మొదట ఒకటి రెండు కుటుంబములు రాత్రివేళ రేకులు ఊడదీసి లోన చేరినవి. 1976లో ఇవన్నియు కలిసి బంగాళీ హౌసింగ్ యాక్షన్ గ్రూపు అను సంఘమైనవి. రేస్ టుడే పత్రిక నడుపుచుండిన మండలిలోని డార్కస్ హౌ, ఫరూఖ్ ధోండీ, మాలా సేన్ మున్నగువారు వారికి తోడ్పడిరి. ఉడ్‌సియర్ స్ట్రీటులోని పెల్హామ్ బిల్డింగ్సు అను పెద్ద కట్టడము కుటుంబ కుటుంబముగా నిండినది. నీటిగొట్టములు అతుకుట, తీగెలు లాగుట, తాళములు మార్చుట మగవారు నేర్చిరి. అధికారి వచ్చినప్పుడు తలుపు తెఱువక లోపలినుండి మాటాడుట ఆడవారు నేర్చిరి. రాత్రులు వంతులవారీగా కావలి కాయుటకు పట్టిక వేసికొనిరి. ఈల వినబడినచో ప్రతి అంతస్తునుండియు మగవారు దిగవలెనని కట్టడి. ఇవి చిన్న సంగతులుగా తోచవచ్చును. కాని జీవితమున తొలిసారి వారు అడుగుకొనుట మాని తీసికొనిరి; తీసికొన్నదానిని పదిమందిగా కాచుకొనిరి. సంక్షేమసంఘపు పెద్దలు దీనిని మెచ్చలేదు. చట్టమునకు విరుద్ధముగా ప్రవర్తించినచో ఉన్న మర్యాద పోవునని వారి వాదన. ఉన్న మర్యాద ఏపాటిదో పెల్హామ్ బిల్డింగ్సువారికి తెలియును.

పోరాటము వృథ పోలేదు. 1977లో కౌన్సిలు ఆక్రమణదారులను క్షమించి ఇండ్లిచ్చుటకు అంగీకరించినది. అప్పుడు సంఘమువారు తమకు భద్రమైన కొన్ని ఎస్టేటుల పేర్లను వ్రాసి యిచ్చి, ఒకరికొకరు పిలిచిన పలుకునంత దూరమున ఇండ్లిమ్మని కోరిరి. 1978 జూనులో ఈ సంగతి పత్రికల కెక్కి, కౌన్సిలు బంగాళీలకు ప్రత్యేకముగా వెలివాడ కట్టుచున్నదని పెద్ద గగ్గోలు పుట్టినది. ఎదిరించినవారిలో సదుద్దేశము గలవారును కలరు. అయినను, ఎక్కడ బ్రతికి బట్టకట్టగలరో అక్కడ ఉండనిండని కోరుట వెలిని కోరుట కాదు.

వీథిలోని విషము అప్పటికే ముదిరియుండెను. 1968 ఏప్రిలు 20వ తేదీన పార్లమెంటు సభ్యుడైన ఈనక్ పవెల్ బర్మింగుహాములో వలసవారికి విరుద్ధముగా చేసిన ఉపన్యాసమును మెచ్చుకొనుచు తూర్పు లండను రేవుకూలీలే పార్లమెంటునకు ఊరేగింపుగా పోయిరి. 1970 ఏప్రిలులో బో పేటలో, హోటలు వంటశాలలో పని ముగించుకొని యింటికి పోవుచున్న తోసిర్ అలీ హతుడయ్యెను. ఆసియావారిని చితుకగొట్టుట కొందఱు కుఱ్ఱవాండ్రకు సాయంకాలపు వినోదమైనది. నేషనల్ ఫ్రంటు అను పక్షము ప్రతి ఆదివారము బజారువేళ బ్రిక్ లేన్, బెత్నల్ గ్రీన్ రోడ్డు కలియు మూలను నిలిచి తన పత్రికల నమ్ముచుండెను. రేవులు మూతపడుచు, పనులు పోవుచు, ఇండ్లు చాలక దిగులుపడియున్న తెల్ల కూలివాని కోపమునకు ఆ పత్రిక ఒక చిరునామా చూపినది. యూదుల కాలమున, 1936 అక్టోబరులో, ఫాసిస్టు నాయకుడైన మోస్లీ దళము కేబుల్ స్ట్రీటుమీదికి రాగా జనము అడ్డుకొన్నది ఈ పేటకు ఆనుకొనియే గదా!

1978 మే 4వ తేదీ గురువారము. స్థానిక ఎన్నికల దినము; నేషనల్ ఫ్రంటు అభ్యర్థులును పోటీలో నుండిరి. అల్తాబ్ అలీ అను యువకుడు బ్రిక్ లేన్ చెంతనున్న తోలుబట్టల కార్ఖానాలో పని ముగించి, సంత సామాను చేతబట్టుకొని యింటికి నడచిపోవుచుండెను. వైట్‌చాపెల్ రోడ్డు ప్రక్కన, పూర్వము సెంట్ మేరీ చర్చి యుండిన తోటను ఒరసికొని పోవు ఆడ్లర్ స్ట్రీటున ముగ్గురు కుఱ్ఱవాండ్రు అతనిని కత్తితో పొడిచిరి. వారికిని అతనికిని పూర్వ పరిచయము లేదు, కలహము లేదు. అతడు తోటలోనికి తూలిపోయి పడి, ప్రాణములు విడిచెను. పట్టువడిన ముగ్గురును పదునెనిమిదేండ్లు నిండనివారు.

పెద్దలు ఎప్పటివలె వినతిపత్రము వ్రాయ సంకల్పించిరి. యువకులు మాత్రము గదుల తలుపులు తట్టిరి, కార్ఖానాల మెట్లెక్కిరి, మసీదు గుమ్మమున నిలిచిరి. మే 14వ తేదీ ఆదివారమున సుమారు ఏడువేలమంది అల్తాబ్ అలీ శవపేటిక వెనుక వైట్‌చాపెల్‌నుండి బయలుదేఱి, నగరము నడిబొడ్డుగుండ హైడ్ పార్కునకును, ప్రధానమంత్రి నివాసమైన డౌనింగ్ స్ట్రీటునకును నడచిరి. వీరిలో అనేకులు అంతవఱకు ఆల్డ్‌గేటు దాటి పడమరకు పోయినది హోటళ్లలో గిన్నెలు కడుగుటకే. ఆ దినమున సంఘ పెద్దలును కలిసి నడచిరి. పిన్నలు ముందు, పెద్దలు వెనుక.

కథ అంతటితో సమసిపోలేదు. జూన్ 11వ తేదీన నూటయేబదిమంది వఱకు దుండగులు పట్టపగలు బ్రిక్ లేన్ మీదికి విరుచుకుపడి దుకాణముల అద్దములు పగులగొట్టి, దొరికినవారిని కొట్టిరి. జూలై 17వ తేదీన బంగాళీ కార్మికులు పని మానిరి, అంగళ్లును హోటళ్లును మూతపడినవి. ముక్కకూలిపై బ్రతుకువాడు ఒకదినము పని మానుట యనగా ఆ దినపు కూడు మానుట. తరువాత, నేషనల్ ఫ్రంటు పత్రికలమ్ము ఆ వీథి మూలకొఱకు పోరు జరిగినది. శనివారము రాత్రియే యువకులు దుప్పట్లతో పోయి, నేషనల్ ఫ్రంటువారు తెల్లవాఱి వచ్చి నిలుచు చోటనే కూర్చుండి, వారికి అడుగుపెట్ట తావీయకుండిరి. పెల్హామ్ బిల్డింగ్సులో కావలి పట్టిక వేసికొన్న అలవాటు ఇక్కడ పనికివచ్చినది. రేయి కాచుట, వంతులు మార్చుట, ఒకని కేకకు పదిమంది పరుగెత్తుట వారికి రెండేండ్లుగా తెలిసిన విద్య. స్థానిక కార్మికసంఘముల మండలి ఈ దాడులన్నిటిని విచారించి ఆ సెప్టెంబరులో ఒక నివేదికను ప్రకటింపగా, పిల్లల అల్లరి అన్నవారికి జవాబు అచ్చులో దొరికినది.

మిత్రుల నడుమ కూడ వైరములు లేకపోలేదు. సెప్టెంబరు 24వ తేదీన ఫాసిజమునకు విరుద్ధముగా దక్షిణ లండనులోని బ్రాక్‌వెల్ పార్కున లక్షమంది పాటల సభ జరుపుకొనుచుండగా, అదే దినమున నేషనల్ ఫ్రంటు షోర్‌డిచ్‌లోని తన క్రొత్త కార్యాలయము దెసకు, అనగా బ్రిక్ లేన్‌కు కూతవేటు దూరమునకు, ఊరేగింపుగా వచ్చినది. పార్కునుండి రావలసిన బలగము వచ్చినది కాదు. వీథిని కాచినవారు కొలదిమందియే. పాట మంచిదే గాని, ఆ మధ్యాహ్నము తమ్ము విడిచిపోయిరను మాటను బ్రిక్ లేన్ యువకులు బహుకాలము మఱువలేదు. వారు మఱువకుండుట న్యాయమని నేనును తలంతును. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలపై దౌర్జన్యము చెలరేగి నూఱుకు పైగా ప్రాణములు పోయినప్పుడు, తమకొఱకు నిలుచువారు లేకపోవుట యననేమో కోరంగివారును ఎఱిగిరి.

అల్తాబ్ అలీ పడిన తోటకు 1998లో అతని పేరు పెట్టిరి. కాని అంతకుముందు ఇరువదియేండ్లు గడువవలసి వచ్చినది. ఆ యిరువదియేండ్ల కథ వచ్చు భాగములలోనిది. పెల్హామ్ బిల్డింగ్సులో తలుపు తెఱువక మాటాడిన ఇల్లాండ్రు కుట్టుయంత్రములను వంటగదిలో పెట్టుకొని ముక్కకూలికి కోట్లు కుట్టుటయు, వారి శ్రమ ఏ లెక్కలోనికిని ఎక్కకుండుటయు. బడులలో బంగాళీ పిల్లల చదువుకొఱకు తల్లులు తెచ్చిన ఒత్తిడియు. వీథి మూలను కాచిన యువకులు లేబరు పక్షములో చేరవలెనా, వేఱుగా నిలువవలెనా యని తమలో తాము కలహించి, 1982 ఎన్నికలలో మొదటిసారి పురపాలక మండలిలో అడుగుపెట్టుటయు వచ్చు సంచికలో చెప్పుకొందము. ముందుగా ఆ వంటగది లోనికి పోవుదము.